పాత టేబుళ్లకే జాంగో తగిలించాలా, కొత్తవి కట్టాలా?

ఆంధ్రలోని పాతపట్నానికి సరిహద్దు అవతల, ఒడిశా పర్లాకిమిడిలో మా మావయ్యకు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. బిల్లులు కొట్టేది పాత విజువల్ బేసిక్ ప్రోగ్రామ్, లెక్కలుండేది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుళ్లలో. బాకీలు ఫోన్‌లో చూసుకునేలా వెబ్ పేజీ కావాలన్నాడు. దానికి నేను పట్టుకున్నది జాంగో, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే సాధనం. షరతు ఒక్కటే: "ఖరీఫ్‌లో బిల్లు ఆగిందంటే రైతు పాతపట్నం పోతాడ్రా."

మొదటి దారి, ఉన్న టేబుళ్లనే వాడుకోవడం. జాంగోలో ఇన్‌స్పెక్ట్‌డీబీ కమాండ్ కొడితే పాత టేబుళ్లను చూసి మోడల్స్ (ఒక్కో టేబుల్‌కు పైథాన్‌లో వర్ణన) రాసిపెడుతుంది. వాటిలో 'మేనేజ్డ్' దగ్గర ఫాల్స్ అనే ఉంటుంది కాబట్టి మైగ్రేషన్లు (టేబుళ్లను మార్చే జాంగో ఆదేశాలు) ఆ టేబుళ్ల జోలికి పోవు. పది నిమిషాల పని. సంబరం కూడా అంతసేపే. మావి మైఐసామ్ అనే పాత రకం టేబుళ్లు. వాటిలో ఒక టేబుల్‌ను ఇంకోదానికి కట్టే ఫారిన్ కీలు ఉండవు, అందుకే ఏ బిల్లు ఏ రైతుదో మనమే చెప్పాలి.

అసలు తంటా బిల్లు నంబరుతో. ఏటా ఏప్రిల్‌లో మళ్లీ ఒకటి నుంచి మొదలు, పైగా ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ప్రైమరీ కీ పెట్టనే లేదు. కాపీ మీద ప్రయోగంగా బిల్లు నంబరునే కీ అని రాసి, ఈ ఏటి 412వ బిల్లు తీసి, రైతు పేరులో ఒక్క అక్షరం సరిచేసి సేవ్ కొట్టాను. మూడేళ్ల 412లూ ఆ రైతువే అయిపోయాయి, తేదీ, మొత్తంతో సహా! నంబరు 412 ఉన్న వరుసలన్నీ మార్చమని చెప్పింది నేనే మరి. జాంగో 5.2 (2025) నుంచి ఏడాది, నంబరు కలిపి కాంపోజిట్ కీ పెట్టుకోవచ్చు. కానీ ఆ మోడల్‌ను అడ్మిన్‌లోకి (డేటా చూసి దిద్దుకోవడానికి జాంగో రెడీమేడ్‌గా ఇచ్చే పేజీలు) రానివ్వదు. నేను జాంగో పట్టుకున్నదే అడ్మిన్ కోసం.

రెండోది, కొత్త టేబుళ్లు కట్టి డేటా అంతా తరలించడం. మనసు ఇటే లాగుతుంది. జీఎస్టీ వచ్చిన 2017లో ఎవరో జీఎస్టీ నంబర్లను 'ఇతరములు-2' అనే కాలమ్‌లో దూర్చారు. మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్ర. మాకు రెండువైపుల వాళ్లూ ఉన్నారు. ఇలాంటివి సర్దాలంటే ఇదే దారి. అయితే పేర్లున్నాయే! తెలుగువి అను ఫాంటులో, ఒడియావి ఆకృతిలో, రెండూ ఒకే కాలమ్‌లో. యూనికోడ్ కాదు, ఫాంటు తీసేస్తే గజిబిజి గుర్తులే. ఏది ఏ ఫాంటో చెప్పే గుర్తు లేదు. కన్వర్టర్‌కు ఇచ్చేముందు మనిషి కూర్చుని విడదీయాల్సిందే. సీజన్‌లో అంత తీరిక ఎవరికి?

మధ్యేమార్గం వ్యూ, అంటే పాత టేబుళ్ల మీద కట్టిన, టేబుల్‌లా కనిపించే ప్రశ్న. ఏడాదినీ నంబరునూ అతికించి '2024-412' అని ఒకే ఐడీగా చూపిస్తుంది, పాత ప్రోగ్రామ్‌కు సంగతే తెలీదు. ఆ అతికించిన ఐడీతో వెతికితే ఇండెక్స్ (వేగంగా వెతకడానికి ఉండే సూచిక) పనిచేయదు, ఏడాదితో, నంబరుతో విడివిడిగా వెతకాలి.

నా ఓటు ఇప్పటికి వ్యూకే. జాంగో వాడే మైఎస్‌క్యూఎల్ యూజర్‌కు పాత టేబుళ్ల మీద చదివే అనుమతి మాత్రమే ఇచ్చాను. ఫోన్ నంబర్లు, యూనికోడ్ పేర్లు జాంగో సొంత టేబుళ్లలోకి వెళ్తున్నాయి. పూర్తి మార్పు ఏప్రిల్ 1న, ఎలాగూ నంబర్లు ఒకటికి వస్తాయి కాబట్టి. ఈలోపు రెండు లిపులూ వచ్చిన అత్తయ్య మధ్యాహ్నాలు పాత బిల్లు పుస్తకాలు ముందేసుకుని, పేరు పక్కన 'తె' అనో 'ఒ' అనో కొడుతోంది.