'అన్న' అని కొడితే పేస్ట్ అయింది: రెండు ముక్కల కీబోర్డుతో రెండున్నరేళ్ళు

2023 మేలో, రోహిణి కార్తెలో మొదలుపెట్టాను సొంతంగా కీబోర్డు కట్టుకునే ఈ పని. టంకం వేసేటప్పుడు ఫ్యాన్ గాలి తగిలితే మొన వేడి నిలవదు కాబట్టి ఫ్యాన్ ఆపేయాలి. విజయవాడలో, సత్యనారాయణపురం మేడ మీద గదిలో, మధ్యాహ్నం ఫ్యాన్ ఆపుకుని కూర్చున్న మనిషిని చూసి మా ఆవిడ తలుపు మూసి వెళ్ళిపోయింది.

నా పని అనువాదం. రోజుకు ఆరేడు గంటలు టైపింగ్, అందులో సగం తెలుగు, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో. భుజాల మధ్య నొప్పి తట్టుకోలేక కార్నీ అనే రెండు ముక్కల కీబోర్డు కట్టుకున్నాను. దాన్ని రూపొందించింది ఫూస్తాన్ అనే పేరుతో తెలిసిన జపాన్ డిజైనర్. సర్క్యూట్ బోర్డు ఫైళ్ళన్నీ ఉచితం. ఎవరైనా దించుకుని బోర్డులు చేయించుకోవచ్చు. చేతికి 21 చొప్పున మొత్తం 42 మీటలు. అంకెల వరుస లేదు, ఫంక్షన్ మీటలు లేవు. ఒక మీట నొక్కి పట్టుకుంటే మిగతావి అంకెలుగానో గుర్తులుగానో మారతాయి. వాటిని లేయర్లు అంటారు.

బోర్డులు తయారుచేసేవాళ్ళు అయిదుకు తక్కువ ఇవ్వలేదు. బోర్డు డిజైన్ ఒకటే: ఇలా పెడితే ఎడమ, తిరగేస్తే కుడి. ఈ తిరగేయడం దగ్గరే నేను బోల్తా పడ్డాను. 21 డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగాలు) అతికించి, వాటి మీది సన్న గీతలన్నీ ఒకే వైపు ఉన్నాయని సంబరపడి, రెండో బోర్డుకు కూడా అదే ముఖం మీద మరో 21 అతికించాను. రెండూ ఎడమ చేతులే తయారయ్యాయి. బియ్యపు గింజంత డయోడ్లను మళ్ళీ ఒక్కొక్కటే ఊడదీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మీరు కడితే ముందు రెండు బోర్డులనూ పక్కపక్కన పెట్టి, ఏది ఎడమో ఏది కుడో స్కెచ్ పెన్నుతో రాసుకోండి. ఏ గైడులోనూ ఇంతకన్నా పనికొచ్చే ముక్క లేదు.

ఖర్చు, కస్టమ్స్ సుంకంతో కలిపి, సుమారు 11 వేలయింది. టంకం తీగా పేస్టూ గవర్నర్‌పేటలో దొరికాయి. స్విచ్‌లు, కంట్రోలర్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. రెండు ముక్కలూ లోపలివైపు కాస్త ఎత్తుగా ఉండాలి కదా, ఆ స్టాండ్లు మాత్రం ఆటోనగర్‌లో జీఐ రేకు వంచి చేయించాను. మేస్త్రీ కీబోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, "సగానికి ఎవరు కోశారు సార్?" అన్నాడు. వాలు ఎంత అని అడిగి, నేను అరచేయి టేబుల్ మీద ఆనించి చూపిస్తే, కొలత లేకుండా ఆ వాలుకే వంచాడు. ఇప్పటికీ అవే వాడుతున్నాను.

ఇక అసలు సంగతి. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమ చేతికి, హల్లుల్లో చాలావరకు కుడి చేతికి ఉంటాయి. 'కాకి' అంటే కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండు ముక్కల కీబోర్డు తెలుగు కోసమే పుట్టిందా అనిపిస్తుంది. అయితే మ, న, వ మూడూ ఎడమ ముక్క అడుగు వరుసలో ఉన్నాయి. కాబట్టి 'నేను', 'మేము', 'మనం' అని రాస్తున్నంతసేపూ కుడి చేయి ఊరికే కూర్చుంటుంది. పైగా మామూలు కీబోర్డు మీద నేను ఇన్నేళ్ళూ 'వ'ను కుడి చేత్తో కొట్టేవాణ్ణని అప్పుడే తెలిసింది. ఇక్కడ కుడి చేయి వెళ్తే అక్కడ గాలి తప్ప మీట లేదు. ఆ అలవాటు పోవడానికి నెల పట్టింది.

ఈ కీబోర్డులు వాడే ఇంగ్లీషువాళ్ళందరూ ఒక సలహా ఇస్తారు: కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ లాంటివి మూలల్లో పెట్టకుండా మధ్య వరుస అక్షరాల మీదే పెట్టుకోమంటారు. తట్టి వదిలితే అక్షరం, నొక్కి పట్టుకుంటే కంట్రోల్. ఎంతసేపు పడితే 'పట్టినట్టు' అన్నది క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో, అంటే కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రాంలో, చెప్పాలి. మనం ఏమీ చెప్పకపోతే 200 మిల్లీసెకన్లు. అందరూ మెచ్చుకున్నారు కదా అని నేనూ పెట్టాను. కంట్రోల్ వచ్చి ఇంగ్లీషు 'డి' మీట మీద కూర్చుంది.

ఇన్‌స్క్రిప్ట్ తెలిసినవాళ్ళకు ఈపాటికి నవ్వొచ్చి ఉంటుంది. 'డి' అంటే పొల్లు. తెలుగులో ప్రతి ఒత్తూ ఆ మీట మీదుగానే వెళ్ళాలి. కొత్త కీబోర్డు, నిదానంగా కదిలే వేలు, 200 మిల్లీసెకన్లు ఇట్టే దాటిపోతాయి. 'అన్న' అని కొడితే, రెండో 'న' ఉన్న మీట 'వి' కాబట్టి అది కంట్రోల్-వి అయి, అంతకుముందు కాపీ చేసిన పేరా మొత్తం వచ్చి పడింది. 'అమ్మ' రాస్తే 'అమ' దగ్గరే ఆగింది, అది కాపీ. 'పిల్లలు' అని రాయబోతే కొత్త ఫైలు తెరుచుకుని, మిగిలిన 'లు' అందులో పడింది. 'అర్జీ' అంటే ప్రింట్ పెట్టె. ఒక ప్రభుత్వ కరపత్రం అనువాదంలో అర్జీ అన్న మాట ముప్పైసార్లయినా వచ్చింది. ఆ రోజు నేను ఎన్నిసార్లు ఎస్కేప్ నొక్కానో లెక్కలేదు.

ఆ గడువును 280 మిల్లీసెకన్లకు పెంచాను. ఒత్తులు కుదురుకున్నాయి కానీ మామూలు కాపీ, పేస్ట్‌లు తడబడ్డాయి; ప్రతిదానికీ వేలు నొక్కి ఒక క్షణం ఎదురుచూడాలి. ఈమధ్య 2025లో క్యూఎంకేలో కార్డల్ హోల్డ్ అని వచ్చింది: గడువులోపు ఒకే చేతి మీటలు రెండు పడితే, మొదటిదాన్ని అక్షరంగానే తీసుకుంటుంది. ఆశగా పెట్టి చూశాను. 'అన్న', 'అమ్మ' బాగుపడ్డాయి. 'పిల్లలు' బాగుపడలేదు, 'ల' కుడి చేతిది కాబట్టి.

చివరికి కంట్రోల్‌ను బొటనవేలికి ఇచ్చేశాను. మధ్య వరుసలో ఇప్పుడు అక్షరాలే ఉన్నాయి. అందరూ గొప్పగా చెప్పేదాన్ని తీసేశాకే నాకు ఈ కీబోర్డు మీద చేయి కుదిరింది.

రెండో చిక్కు, కొరతపడ్డ మీటలు. ఇన్‌స్క్రిప్ట్‌లో 'డ' ఉండేది 'పి' పక్కన, చదరపు బ్రాకెట్ దగ్గర. హ్రస్వ ఒత్వం గుర్తు ఎడమ పై మూలన, ఒకటి అంకె పక్కన. కార్నీలో ఈ రెండు మీటలూ లేవు. అంటే 'కొడుకు' అని రాయాలంటే ఒక్క మాటలో రెండుసార్లు లేయర్ మారాలి. కోడి, గుడి, బడి, ఏ మాట ఎత్తుకున్నా ఇదే గోల. మొదట తెలుగుకు వేరే లేయర్ పెట్టి, విండోస్‌లో భాష మారేటప్పుడే అదీ మారేలా మాక్రో (ఒక్క మీటతో వరుసగా పనులు చేయించే ఆదేశం) రాశాను. కాసేపటికే రెండూ ఎడమొహం పెడమొహం అయ్యేవి: విండోస్ ఇంగ్లీషులో, కీబోర్డు తెలుగులో. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్షరాలు కనపడవు కాబట్టి మూడుసార్లు తప్పయి బ్యాంకు లాగిన్ ఒకసారి లాక్ అయింది.

అసలు కీబోర్డుకు తెలుగు రాదు. ఫలానా మీట నొక్కారని కంప్యూటర్‌కు చెప్పడమే దాని పని. అక్షరంగా మార్చేది విండోసే. అందుకే కోల్‌మాక్ లాంటి వేరే ఇంగ్లీషు అక్షరాల అమరికను ఫర్మ్‌వేర్‌లో పెట్టుకున్నవాళ్ళకు ఇన్‌స్క్రిప్ట్ మొత్తం చెల్లాచెదురవుతుంది. ఇది అర్థమయ్యాక మాక్రో తీసి పారేసి, రెండు భాషలకూ ఒకే అమరిక చేసుకున్నాను. కుడి పై మూలన బ్యాక్‌స్పేస్ తీసి 'డ' పెట్టాను. బ్యాక్‌స్పేస్ బొటనవేలికి వెళ్ళింది. ఎడమ పై మూలన ట్యాబ్ స్థానంలో ఒత్వం గుర్తు, దాని కింద ట్యాబ్. వట్రసుడికి మాత్రం చోటు దొరకలేదు. కృష్ణ ఒడ్డున కూర్చుని 'కృష్ణ' అని రాయడానికి ఇప్పటికీ లేయర్ ఎక్కాల్సిందే.

మన్నిక గురించి: మొదట పెట్టిన ప్రో మైక్రో కంట్రోలర్‌కు మైక్రో యూఎస్‌బీ సాకెట్ బోర్డు పైపొరకు అతికి ఉంటుంది, అంతే. ఎనిమిదో నెలలో వైరుతో పాటు ఊడి చేతికొచ్చింది. ఇప్పుడు ఆర్‌పీ2040 చిప్ ఉన్న టైప్-సి కంట్రోలర్లు పెట్టాను; ఫైలు కాపీ చేసినంత తేలిగ్గా ఫర్మ్‌వేర్ ఎక్కుతుంది. రెండు ముక్కలనూ కలిపే వైరు పిన్ను నాలుగు భాగాలది కావాలి, పాటలు వినే మామూలు ఆక్స్ వైరు కాదు. కరెంటు ఉండగా దాన్ని పీకకండి; లాగేటప్పుడు పిన్ను షార్టయి కంట్రోలర్ పోవచ్చు. స్విచ్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, మీ వేళ్ళకు నచ్చినవి పెట్టుకోండి.

భుజాల నొప్పి మూడో నెలకే తగ్గింది. మణికట్టు నొప్పి మాత్రం టేబుల్ ఎత్తు తగ్గించేదాకా తగ్గలేదు, ఆ ఘనత కీబోర్డుకు కట్టబెట్టను. తెలుగు వేగం పాత స్థాయికి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో గడువు ఉన్న పనులు రెండు పాత కీబోర్డు మీదే చేసి ఇచ్చాను. అర్జెంటు పనుల మీద బతికేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోండి.

ఇప్పుడు మళ్ళీ కడితే కార్నీ కాదు, అంకెల వరుస ఉన్న లిలీ58 కడతాను. ఇంగ్లీషు 26 అక్షరాలకు 42 మీటలు ఎక్కువే కావచ్చు, మనకు చాలవు. మా బావకు గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ ఉంది, అను స్క్రిప్ట్ అనే తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరిగినవాడు. పది నిమిషాలు కూర్చోబెట్టాను. లేచి వేళ్ళు విరుచుకుంటూ, "బావా, జీతమిచ్చి వాడమన్నా నా వల్ల కాదు" అన్నాడు. మిగిలిపోయిన మూడు బోర్డుల్లో ఒకటి మాత్రం పట్టుకెళ్ళాడు. కౌంటర్ మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు.