మారతహళ్లిలో ఇంట పుట్టిన డార్ట్ కప్పలు: కొనే ముందు చూసుకోవాల్సినవి

బెంగళూరులో గుడ్డు దశ నుంచి ఇక్కడే పెరిగిన డార్ట్ కప్ప (మధ్య, దక్షిణ అమెరికా అడవుల రంగురంగుల చిన్న కప్ప) కావాలంటే, మారతహళ్లి వైపు ఒక అపార్టుమెంటులో నడుస్తున్న ఈ చిన్న పెంపకం కేంద్రానికి వెళ్లమనే చెబుతాం. కప్పల ఆరోగ్యానికి, కాగితాలకు పూర్తి మార్కులు. మేత దగ్గర, రోగ పరీక్షల దగ్గర మాత్రం కోత పెట్టక తప్పదు. ముందుగా ఫోన్ చేసి వెళ్లాలి. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడతారు.

ఉన్నవి రెండే జాతులు. గయానా, సురినామ్ అడవులకు చెందిన టింక్టోరియస్ ఒకటి, వెనిజులా వైపు దొరికే పసుపు, నలుపు పట్టీల ల్యూకోమెలస్ ఇంకొకటి. లోపలికి వెళ్లగానే చూడాల్సింది అమ్మకానికి పెట్టిన కప్పల్ని కాదు, వాటి వెనకున్న వరసని. తల్లిదండ్రుల పెట్టెలు, పెట్రీ డిష్ మీద బోర్లించిన కొబ్బరి చిప్ప, దాని కింద జిగురులో నల్లటి చుక్కల్లా గుడ్లు, పక్క అరలో ఒక్కో కప్పులో ఒక్కో తోకకప్ప, కప్పు మీద తేదీ రాసిన టేపు ముక్క. గుడ్డు పొదగడానికి సుమారు రెండు వారాలు, తోకకప్ప కప్పగా మారడానికి రెండు మూడు నెలలు పడతాయి కాబట్టి ఆ తేదీలు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఇక్కడ సరిపోతున్నాయి. అడవి నుంచి పట్టుకొచ్చి అమ్మేవాళ్ల దగ్గర ఈ వరస ఉండదు. అన్నీ పెద్ద కప్పలే ఉంటాయి, చాలావాటికి ముక్కు గీరుకుపోయి ఉంటుంది, ఎక్కడివి అంటే మాట మారుస్తారు.

విషం గురించి భయపడేవాళ్లు చాలామంది. ఈ కప్పల చర్మంలో ఉండే ఆల్కలాయిడ్లు అనే విష పదార్థాలు అవి అడవిలో తినే చీమలు, మైట్లు అనే బుల్లి పురుగుల నుంచి వస్తాయి. ఇంట్లో పండు ఈగలు తిని పెరిగినవాటికి ఆ విషం ఉండదు. అయినా వాటి చర్మం పలచన, చేత్తో పట్టుకోకపోవడమే మంచిది.

ఎర్రటి లేమానీ అనే డార్ట్ కప్పలు ఉన్నాయా అని అడిగితే, లేవు, తెప్పించం అని కచ్చితంగా చెప్పారు. ఈ కేంద్రం మీద మాకు నమ్మకం కుదిరింది అక్కడే. లేమానీ చేరిన ఊఫాగా ప్రజాతిలో తల్లి కప్ప తన పిల్లలకు ఫలదీకరణం కాని గుడ్లు పెట్టి మేపుతుంది, మనం వేసే మేతతో వాటిని పెంచడం చాలా కష్టం. అందుకే జతకు ఏడాదిలో దక్కే పిల్లలు తక్కువ, అందుకే వేటగాళ్ల కన్ను వాటి మీద. కొలంబియా అడవుల్లో లేమానీ అంతరించే అంచున ఉంది. అక్కడ తెసోరోస్ దె కొలంబియా అనే సంస్థ ప్రభుత్వ అనుమతితో ఇలాంటి కప్పల్ని పెంచి చట్టబద్ధంగా ఎగుమతి చేస్తోంది. ఏ సందులోనో ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అది ఆ దారిన వచ్చినది కాదనే అనుకోవాలి.

కాగితాల సంగతి. డార్ట్ కప్పలు సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి ఆ పట్టికల్ని నాలుగో షెడ్యూల్‌గా చేర్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. ఇక్కడ తల్లిదండ్రుల నమోదు పత్రం నకలు, పిల్ల పుట్టిన వివరాలు బిల్లుతో పాటే ఇస్తారు. ఈ రెండూ లేకుండా ఎక్కడా కప్ప తీసుకోవద్దు.

పిల్లని ఎంచుకునేటప్పుడు ముందు కాళ్లు చూడండి. పుల్లల్లా సన్నగా, వంగిపోయి ఉంటే వదిలేయాలి. తల్లికి విటమిన్ ఎ తక్కువైనా, తోకకప్ప ఉన్న నీళ్లు పాడైనా ఇలా అవుతుందంటారు, తర్వాత కోలుకోవడం అరుదు. నడుము ఎముకలు పైకి తేలకూడదు. ఈగ వేసి తినిపించి చూపమనండి, ఇక్కడ అడక్కముందే చూపిస్తారు. ఏడాది నిండని టింక్టోరియస్‌ని ఎవరైనా జత అని అమ్మితే నమ్మకండి, మగదాని వేళ్ల చివరలు వెడల్పవడం అప్పటిగ్గానీ తేలదు. రెండు ఆడ టింక్టోరియస్‌లు ఒకే పెట్టెలో కొట్టుకుంటాయి. ల్యూకోమెలస్ గుంపుగా సర్దుకుంటాయి. రెండు జాతుల్ని మాత్రం కలపొద్దు.

కోత ఎందుకంటే, మొదటిది మేత. కప్పతో పాటు ఎగరలేని పండు ఈగల డబ్బా ఒక్కటే ఇస్తారు. మెలనోగాస్టర్ రకం పండు ఈగల డబ్బాలో కొత్త ఈగలు రావడానికి పన్నెండు రోజులు అటూఇటూ పడుతుంది, నెల తిరిగేసరికి డబ్బా చల్లబడిపోతుంది. కాబట్టి కనీసం మూడు డబ్బాలు కొని, వారానికొకటి కొత్తది కట్టాలి. మూత గుడ్డ బిగుతుగా ఉండాలి. మన ఇళ్లలో అరటిపళ్ల చుట్టూ తిరిగే మామూలు ఈగ ఒక్కటి దూరినా చాలు, తర్వాతి తరంలో ఎగిరే ఈగలు పుడతాయి. డి3 కలిపిన కాల్షియం పొడి అద్దకుండా ఈగలు వేయొద్దు. తెరిచిన పొడి డబ్బా ఆరు నెలలు దాటితే పారేయాలి.

రెండోది పరీక్షలు. పేడ పరీక్ష గానీ, కప్పల చర్మానికి పట్టి చంపే కైట్రిడ్ శిలీంధ్రానికి పీసీఆర్ అనే జన్యు పరీక్ష గానీ చేయించి ఇవ్వరు. ఇంత శ్రద్ధగా పెంచేవాళ్లు ఈ ఖర్చు ధరలో కలిపేయడమే న్యాయం. అందాకా కొన్నవాళ్లే తడి టిష్యూ పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో కప్పని కనీసం 30 రోజులు విడిగా ఉంచి, పశువైద్యుడికి పేడ చూపించాలి. ఆ డబ్బా నీళ్లు మొక్కల్లో పోయొద్దు. బ్లీచ్ కలిపి, కాసేపు ఉంచి పారబోయాలి. పడమటి కనుమలు ఇక్కణ్నుంచి ఎంతో దూరం లేవు, ఇలాంటి రోగం అక్కడి కప్పలకు అంటితే వెనక్కి తీసుకోలేం.

పెట్టె వాళ్ల దగ్గరే కొనక్కర్లేదు. జతకు 45 సెంటీమీటర్ల గాజు పెట్టె చాలు. అడుగున అయిదు సెంటీమీటర్ల మట్టి గుళికలు, దోమతెర, పైన కోకోపీట్, నాచు, ఆర్కిడ్ బెరడు కలిపిన మిశ్రమం, ఆపైన ఉడికించి ఆరబెట్టిన బాదం ఆకులు. కప్ప కంటే ముందు బూజు తినే బుల్లి పురుగులైన స్ప్రింగ్‌టెయిల్స్ వేసి నెల ఆగాలి. పైమూత జాలీ అయితే ముప్పావు వంతు గాజుతో మూయండి, లేకపోతే ఫిబ్రవరి నుంచి ఇక్కడి పొడిగాలికి తేమ నిలవదు. బోరు నీళ్లు చల్లితే అద్దం మీద తెల్లటి పొర కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. చల్లడానికి ఆర్‌ఓ నీళ్లే వాడాలి.

22 నుంచి 26 డిగ్రీలు వీటికి హాయి. 30 దాటితే ప్రాణం మీదికొస్తుంది. పై అంతస్తులో ఉండి ఏసీ లేనివాళ్లు ఏప్రిల్, మే నెలల్లో కొనకండి, కొరియర్‌లో అసలే తెప్పించకండి. అడ్వాన్సు కట్టి జూన్ వానలు పడ్డాక తెచ్చుకుంటామంటే ఒప్పుకుంటారు. ఈలోగా పిల్ల ఇంకాస్త ఎదుగుతుంది, దానికి అదనంగా ఏమీ తీసుకోరు.