టాండెం సైకిలు: ఆరేళ్లుగా వెనక సీటులో కూర్చున్నదాని మాట

టాండెం అంటే ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తొక్కే సైకిలు. దాని గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ముందు కూర్చునేవాళ్లే. నాది వెనక సీటు. 2019లో కొన్నాం. విజయవాడ నుంచి హంసలదీవి, సూర్యలంక, శ్రీశైలం దానిమీదే తిరిగొచ్చాం. నాకు రోడ్డు కనబడదు, నా హ్యాండిల్ తిరగదు, బ్రేకు నా చేతిలో లేదు. ఎదురుగా మా ఆయన వీపు, అంతే. అందుకే సైకిలు సామాను కొనేటప్పుడు వెనక సీటు నుంచి మొదలుపెట్టమంటాను.

గుంత వస్తే ఆయన చూసి సీటు మీంచి లేస్తారు. నాకు నడుముకు తగిలాకే తెలుస్తుంది. అవనిగడ్డ వైపు కరకట్ట మీద మొదటిసారి వెళ్లొచ్చాక రెండు రోజులు వంగలేకపోయాను. తర్వాత నా సీటు కింది గొట్టం తీయించి స్ప్రింగున్న సీటు పోస్టు వేయించాం. అప్పట్నుంచి ఆయన "గుంత!" అని అరవడం కూడా నేర్చుకున్నారు. రెండిట్లో ఏది ఎక్కువ పనిచేసిందంటే చెప్పలేను.

చక్రాల దగ్గర మాత్రం పొదుపు వద్దు. మాకు 32 స్పోకుల చక్రాలు వచ్చాయి. మొదటి ఏడాదిలోనే వెనక చక్రానివి మూడు తెగాయి. మా వీధి మెకానిక్ బెండు తీస్తూ, "మామూలు నల్ల సైకిలుకే వెనక నలభై ఉంటాయమ్మా, మీరిద్దరెక్కుతున్నారు" అన్నాడు. నిజమే. 40 స్పోకులతో కట్టించాక ఒక్కటీ తెగలేదు.

ఇక బ్రేకులు. శ్రీశైలం నుంచి దోర్నాలకు ఘాట్ దిగుతున్నాం. మేమిద్దరం, సైకిలు, సంచులు కలిపి 175 కిలోలు. రిమ్‌ను పట్టే బ్రేకులు కావడంతో ఆ రాపిడికి రిమ్ కాలిపోయి, ఓ మలుపు దాటగానే ట్యూబు ఢామ్మని పేలింది. అడవి మధ్య రోడ్డు పక్కన కూర్చుని రిమ్ చల్లారేదాకా ఎదురుచూశాం, కోతులు మా బిస్కెట్ల కోసం ఎదురుచూశాయి. ఇంటికొచ్చాక 203 మిల్లీమీటర్ల డిస్క్ బ్రేకులు పెట్టించాం. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మార్చాలి, వెనక బ్రేకు బిగించే మౌంటు అతికించాలి, ఖర్చు బాగానే అయింది. ముందే డిస్క్ ఉన్నది కొనుక్కోండి.

మేముండేది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సైకిలు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. సీల్డ్ అని రాసున్న పెడళ్ల బేరింగులు పారేయాల్సి వచ్చింది. చక్రాల మధ్య హబ్బులవి మాత్రం పాతకాలపు గోళీలు. మెకానిక్ విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించేశాడు. టూరుకు అవే మేలని అప్పుడు తెలిసింది. ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు.

సంచులు నాలుగు. ఇద్దరి సామానుకు ఒక్క సైకిలు జాగానే ఉంటుంది కాబట్టి బట్టలు రెండేసి జతలే. నీళ్లు, మ్యాపు, అద్దం నా దగ్గరే, ఎందుకంటే చేతులు ఖాళీగా ఉండేది నాకే. సిగ్నల్ దగ్గర కాళ్లు దించేది ఆయనొక్కరే. నేను పెడళ్ల మీదే ఉంటాను, లేకపోతే బెంజి సర్కిల్లో మళ్లీ కదలడం కష్టం. అది చూసే జనం "వెనకావిడ తొక్కట్లేదండోయ్" అంటారు.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న గొడవ చైన్ మీద. ఉన్న చైనే ఇంకో టూరుకు వస్తుందని ఆయన అంటున్నారు. చైన్ ఎంత అరిగిందో చెప్పే గేజి 0.75 చూపిస్తోంది, అంటే మార్చే వేళైంది, ఆ గేజి కూడా నా సంచిలోనే ఉంది.