కాకినాడలో ఇల్లు: భానుగుడి వైపా, వంతెన అవతలా?

కాకినాడకి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు ఎటువైపు చూడమంటారని మా తమ్ముడి స్నేహితుడు అడిగాడు. రెండు వైపులా అద్దెకున్నాను కాబట్టి నా లెక్క చెబుతా.

భానుగుడి, రామారావుపేట, గాంధీనగర్‌లలో స్కూళ్లు, ట్యూషన్లు, డాక్టర్లు అన్నీ దగ్గరే. కానీ టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె సంగతి తర్వాత, ముందు "మీరెవరండీ?" అంటారు. పేరు చెబితే సరిపోదు. ఇంటిపేరు, సొంతూరు, అక్కడ మీ వీధి, ఆఖరికి "మాకేం పట్టింపుల్లేవండీ, మా అత్తగారి కోసం అడుగుతున్నాం" అని ముక్తాయింపు. మేమున్న ఇంట్లో ఆదివారం చేపల పులుసు పొయ్యెక్కితే పైనుండే ఓనర్లు కిటికీలు ధడేల్మని మూసేవారు. వాళ్లబ్బాయి తెప్పించుకునే బిర్యానీకి మాత్రం వాసనుండదు మరి!

వంతెన అవతల ఉన్నది జగన్నాథపురం, వెళ్లాలంటే ఉప్పుటేరు దాటాలి. "వంతెన అవతలా?" అని ఇవతలివాళ్లు అడిగే తీరులోనే మన హోదా రెండు మెట్లు దిగిపోతుంది, పెళ్లి సంబంధాల దగ్గరైతే మరీను. తమాషా ఏంటంటే డచ్చివాళ్లు ఏరికోరి వ్యాపారం పెట్టుకున్నది ఆ పేటలోనే, 1825లో గానీ అది ఇంగ్లీషువాళ్ల చేతికి రాలేదు. నాకైతే అక్కడ అదే అద్దెకి ఇంకో గది ఎక్కువొచ్చింది. పొద్దున్న ఆఫీసు టైముకి వంతెన మీద ఇరుక్కుంటే మాత్రం నరకమే, అది దాచను.

ఇక జాలర్లుండే ఏటిమొగ, దుమ్ములపేట. అక్కడ ఇల్లు చూడమని నన్నెవరూ అడగలేదు, చేపలు మాత్రం అక్కడివే కావాలి. రామారావుపేటలో మాకు చేపలు తెచ్చే ఆవిడ గేటు బయటే తట్ట దింపేది, ఓనరుగారు మెట్ల మీదే నిలబడి బేరమాడేవారు, మంచినీళ్లడిగితే పాత ప్లాస్టిక్ సీసాలో పోసిచ్చేవారు. జగన్నాథపురం మారాక కూడా ఆవిడే వచ్చేది, మా అరుగు మీద కూర్చుని టీ తాగి, మోకాళ్ల నొప్పి సంగతులు చెప్పి మరీ లేచేది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే 61 రోజులూ, తట్టలో ఎండుచేపలే ఉండేవి. అప్పుడు కూడా కిలోకి ఇరవై తగ్గించమనేవాళ్లు రెండు వైపులా ఉన్నారు లెండి, నాతో సహా.

పిల్లలు టెన్త్, ఇంటర్‌లో ఉంటే అవి అయ్యేదాకా భానుగుడి వైపే ఉండి ఓర్చుకోండి. లేకపోతే వంతెన దాటేయండి, ఆఫీసుకి ఓ అరగంట ముందు బయల్దేరితే సరి.