జెరేనియం మొక్క కొనే బదులు కొమ్మ అడగండి

జెరేనియం పూల అందం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇన్నేళ్లు పెంచాక నాకు ఇంత ప్రేమ కలిగింది మాత్రం దాని కొమ్మ మీద. గులాబీ కొమ్మలకు వేళ్లు పుట్టించే పొడి మందు అద్ది, ప్లాస్టిక్ కవరు తొడిగి, ఎంత కాచుకున్నా చాలావరకు ఎండిపోతాయి. దీనికి ఆ హడావుడి ఏమీ అక్కర్లేదు. మొగ్గలు లేని కొమ్మను బెత్తెడు పొడవున, కణుపుకు కాస్త కింద కోయాలి. పైన రెండు మూడు ఆకులుంచి మిగతావి తుంచేయాలి. తర్వాత కొన్ని గంటలు నీడలో వదిలేయాలి. తడిగా మెరిసే కోత మీద పల్చటి పొర కడుతుంది, వేలు పెడితే జిగురు అంటదు. అప్పుడు నాటితే మూడు నాలుగు వారాల్లో వేళ్లు వచ్చేస్తాయి. కవరు కప్పారంటే కుళ్లుతుంది. దక్షిణాఫ్రికా మొక్క కదా, కొంచెం ఎండగట్టినా ఓర్చుకుంటుంది కానీ ఊపిరాడని తడిని భరించలేదు.

ఆ తడే ఒక మే నెలలో మా కొంప ముంచింది. వేళ్లు పట్టిన మొక్కల్ని పది రోజులపాటు పొద్దుటి ఎండకు కొంచెం కొంచెంగా అలవాటు చేసి బాల్కనీ అంచుకు మార్చాను. ఆకు ఒక్కటి కూడా పాలిపోలేదు. ఇంతలో బెంగళూరు మార్కు సాయంత్రం వాన, ఈదురుగాలితో ఏటవాలుగా కొట్టింది. ఆ తర్వాత వరసగా మబ్బు. షాపులో పూలమొక్కలన్నిటికీ పనికొస్తుందని అమ్మిన రెడీమేడ్ మట్టి, తీరా చూస్తే దాదాపు అంతా కోకోపీటే, అంటే కొబ్బరి పీచు పొట్టే. పైన పొడిగా కనిపిస్తోంది, కుండీ ఎత్తితే రాయిలా బరువు. మట్టిని ఆనుకున్న చోట కాండం నల్లగా, నిగనిగలాడుతూ మెత్తబడి, ఆ నలుపు పైకి పాకింది. పిథియం అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే తెగులు అది, పట్టిన కాండం మళ్లీ కోలుకోదు. బ్లేడును స్పిరిట్‌తో తుడుస్తూ, లోపల పచ్చగా కనిపించేదాకా పైకి కోసుకుంటూ పోయాను. మా పిన్ని ఇచ్చిన లేత గులాబీ రంగు రకానికి చివరికి ఒక్క చివురే మిగిలింది. దాన్ని ఆరబెట్టి, సగానికి సగం ఇసుక కలిపిన మట్టిలో నాటాను. బతికింది! ఇప్పుడు మా ఇంట్లో ఆ రంగువన్నీ దాని పిల్లలే.

కాబట్టి తేలిక అన్నది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెల్లే మాట. వానాకాలంలో అదే చేత్తో నాటినా చాలా పోతాయి. పైగా మాది తూర్పు బాల్కనీ, పదిన్నరకల్లా ఎండ తప్పుకుంటుంది, మా బెంగళూరు కూడా దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైలో మా అక్కకు ఇవే కొమ్మలు పంపితే డిసెంబరు వానలు వెనకబట్టాక బాగానే పూశాయి, ఏప్రిల్ వచ్చేసరికి పూత ఆగి ఆకు పసుపెక్కింది. ఆమె మాత్రం వీటిని ఏటా చలికాలానికే పెంచుకుంటోంది. నాలాంటి బాల్కనీ ఉంటే నర్సరీకి వెళ్లకండి, పూసిన ఇంటికెళ్లి ఒక కొమ్మ అడగండి. వానకు లోపలికి జరిపే చోటు లేకపోతే మాత్రం నేను పట్టుబట్టను.