పాత భవనాన్ని బతికించాలంటే ఏ దారి మేలు?

కిందటి డిసెంబర్‌లో మా బాబాయి రాజమండ్రి నుంచి వచ్చి వారం రోజులు మా ఇంట్లో ఉన్నాడు. మున్సిపాలిటీలో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. హైదరాబాద్ చూపిద్దామని ఎక్కడికి తీసుకెళ్లినా అందరూ ఫొటోలు దిగే చోటు వదిలేసి గోడ మూలల్లో చెమ్మ వెతుకుతాడు, వేళ్ల కణుపులతో తట్టి చూస్తాడు. ఆయన బాధ ఆయనది. గోదావరి గట్టుకు దగ్గర్లో ఆయన వాటాకొచ్చిన మండువా లోగిలి ఒకటుంది. అపార్ట్‌మెంట్ కట్టిస్తామని బిల్డర్లు తిరుగుతున్నారు. మూడో రోజు సాయంత్రం అసలు సంగతి బయటపెట్టాడు.

"ఒరేయ్, ఇన్ని చూపించావు గదా. వీటిల్లో ఏ పద్ధతి మేలంటావు?"

అప్పటికి నోటికొచ్చింది చెప్పాను. తీరిగ్గా ఆలోచించాక అనిపించింది ఇది.

ఫలక్‌నుమాను మేం గేటు దాకా వెళ్లి చూసి తిరిగొచ్చాం. 1884లో నవాబు వికారుల్ ఉమ్రా మొదలుపెట్టి, కట్టడంలోనే అప్పులపాలై, చివరికి ఆరో నిజాం చేతిలో పెట్టిన ప్యాలెస్ ఇది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్లాక దశాబ్దాల పాటు తాళం పడింది. తాజ్ సంస్థ లీజుకు తీసుకుని, పదేళ్ల పాటు బాగుచేసి, 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచింది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ ఉంది. కప్పు కారితే మర్నాడే మనిషి ఎక్కుతాడు, ఎందుకంటే ఆ కప్పు కింద గదికి రాత్రికి కట్టే అద్దె మామూలుది కాదు. భవనం మటుకు భద్రం, అందులో అనుమానం లేదు. కానీ కొండ కింద బస్తీలో పుట్టి పెరిగినవాడు దాని లోపల ఏముందో టీవీలో చూసి తెలుసుకోవాల్సిందే.

నిజాముల ప్యాలెస్ చౌమహల్లాలో ఆ ఇబ్బంది లేదు. టికెట్ కొనుక్కుని ఎవరైనా పోవచ్చు. నిజాం కుటుంబపు ఎస్రా యువరాణి పూనుకుని 2000 తర్వాత మరమ్మతులు చేయించింది, 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటే బాబాయి వాటికేసి ఒక్కసారి చూసి, కింద నేల ఎక్కడైనా కుంగిందా అని వెతకడం మొదలుపెట్టాడు. కుంగలేదు. బయటికొచ్చి ఫౌంటెన్ పక్క మెట్ల మీద కూర్చున్నాం. చుట్టూ స్కూలు పిల్లలు, బురఖాల్లో అమ్మాయిలు, ఆదిలాబాద్ నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్ద కుటుంబం. నాకు ఫలక్‌నుమా కన్నా ఇదే నచ్చుతుంది. అయితే ఒకప్పుడు 45 ఎకరాలుండేదట, ఇప్పుడు 12 మిగిలింది. పైగా మ్యూజియం పెట్టాలంటే లోపల పెట్టడానికి నిజాముల పాత కార్లు, కత్తులు ఉండాలి. మా బాబాయి ఇంట్లో ఉన్నవి రెండు గంగాళాలు, ఒక పడక్కుర్చీ.

హోటలూ మ్యూజియమూ రాజులకు కుదిరే దారులు. మామూలు ఊరికి పనికొచ్చే దారి కావాలంటే మొజంజాహి మార్కెట్‌కి రావాలి.

ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో పూర్తయిన రాతి కట్టడం. మధ్యలో గడియారం బురుజు, రెండు వైపులా చేతులు చాచినట్టు కమానుల వరస. ఇక్కడి పండ్ల మార్కెట్ 1980ల్లో గడ్డిఅన్నారం వెళ్లిపోయింది. ఆ తర్వాత రేకుల షెడ్లు, బోర్డులు, వైర్ల చుట్టలు రాయి కనపడకుండా కమ్మేశాయి. 2018లో పని మొదలుపెట్టి, రంగులూ సిమెంటూ గీకేసి, షెడ్లు పీకేసి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఇందులో నాకు నచ్చింది ఒక్కటే, దుకాణాలను వెళ్లగొట్టలేదు. అత్తరు అమ్మేవాడు అత్తరే అమ్ముతున్నాడు. ఐస్‌క్రీం దుకాణాల ముందు అవే కుర్చీలు, అదే తోపులాట.

మేం సీతాఫలం ఐస్‌క్రీం తీసుకుని కూర్చున్నాం. బాబాయి కప్పు నా చేతిలో పెట్టి, లేచి వెళ్లి ఒక కమాను దగ్గర వంగాడు. రెండు రాళ్ల మధ్య అతుకును గోటితో గీరి, పొడి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "సున్నమేరా, సిమెంటు కాదు" అన్నాడు, లాటరీ తగిలినంత సంబరంగా. పాత గోడ కింది నుంచి చెమ్మ పీల్చుకుంటుంది, సున్నం ఆ చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు పొంగి, నాలుగేళ్లలో పెచ్చులు ఊడతాయి. మన ఊళ్లలో గుళ్లూ బళ్లూ పాడయ్యింది చాలావరకు ఈ "రిపేర్ల" వల్లే. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లో ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి పదేళ్లకు పైగా చేసిన పనిలో చాలా శ్రమ వెనకటి సిమెంటు పూతలు తీయడానికే పోయిందంటే ఆశ్చర్యం లేదు. వాళ్లు మళ్లీ బెల్లం, మారేడు గుజ్జు కలిపిన సున్నానికే వెళ్లారు. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కూలీ కూడా ఎక్కువే.

మార్కెట్‌కీ లోపాలున్నాయి. అద్దెలు పెరిగితే అత్తరు దుకాణం ఉంటుందా, బర్గర్ దుకాణం వస్తుందా అన్నది ఏ రాయి మీదా రాసి లేదు. అయినా పొద్దున షట్టర్ లేపేవాడు ఉన్నంతకాలం పిట్టగోడ మీద రావి మొక్క మొలిస్తే ఎవడో ఒకడు చూస్తాడు.

ఎర్రమంజిల్‌కు ఆ అదృష్టం లేదు. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవాళ్లని, పేరు కలిసేలా నవాబు ఫక్రుల్ ముల్క్ తన భవనానికి ఇరం మంజిల్ అని పెట్టుకుని ఎర్ర రంగు వేయించాడని చెబుతారు. ఇరం అంటే స్వర్గవనం. 2019 జూన్‌లో దాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయిస్తే, సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. జనం వేసిన పిటిషన్లకు ఆసరా అయింది 1981 నాటి జోనింగ్ నిబంధనల్లోని 13వది (పాత కట్టడాలను కాపాడే నిబంధన), దాని కింద తయారైన వారసత్వ జాబితా. ఆ నిబంధననే 2015 డిసెంబర్‌లో ప్రభుత్వం ఎత్తేసింది, 2017లో వేరే చట్టం తెచ్చింది. ఇన్ని మెలికల మధ్య కూడా ఆ జాబితా పనికొచ్చింది. కాబట్టి చట్టం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. కాకపోతే కోర్టు కూల్చొద్దని చెప్పగలదు గానీ, నిచ్చెన వేసుకుని మొక్క పీకలేదు.

బన్సీలాల్‌పేట మెట్లబావి ఇంకో రకం. చెత్తతో పూడిపోయిన బావిలోంచి రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ, జీహెచ్‌ఎంసీ కలిసి సుమారు 2,000 టన్నుల చెత్తా మట్టీ తోడి, 2022 డిసెంబర్‌లో తెరిచాయి. చుట్టుపక్కల జనం కూడా చెయ్యి వేశారు. బావి కాబట్టి పని సాఫీగా సాగింది, మధ్యలో పంచుకోవాల్సిన అన్నదమ్ములు ఎవరూ లేరు.

అన్నదమ్ములున్నది ఇళ్లలో. మిగతా పద్ధతులన్నీ చేతులెత్తేసేది అక్కడే. జాబితాలో పేరెక్కిందంటే యజమానికి గుండెల్లో రాయి పడుతుంది. కూల్చడానికి వీల్లేదు, అమ్మితే ధర రాదు, బాగుచేసుకుందామంటే చేతిలో డబ్బు లేదు. చేసేది లేక ఇంటిని అలా వదిలేస్తారు, నాలుగు వానలకు అదే కూలుతుంది. ఇందుకు రెండు ఊళ్లు రెండు మందులు కనిపెట్టాయి.

పుదుచ్చేరిలో పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ తమిళ వీధుల్లో ఇంటి ముఖభాగం బాగుచేసుకునే యజమానికి ఖర్చులో సగం ఇచ్చే పద్ధతి పెట్టింది. 2002 తర్వాత ఐరోపా సంఘం సాయంతో వైశ్యుల వీధి అరుగులు, తిన్నెలు, స్తంభాల పందిళ్లు ఒక వరసలో మళ్లీ కళకట్టాయి. వీధి చూడముచ్చటగా ఉంటుంది. లోపల దూలానికి చెద పట్టిందా అన్నది మాత్రం ఇంటాయన తలనొప్పి.

అహ్మదాబాద్ ఇంకొంచెం లెక్క తెలిసిన ఊరు. అక్కడి పాత వాడలను పోళ్లంటారు. వారసత్వ జాబితాలోని ఇంటి యజమాని తాను పైకి కట్టుకోకుండా వదులుకున్న అంతస్తుల హక్కును టీడీఆర్‌గా (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కుగా) వేరేచోట కట్టే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకుంటాడు. మన దగ్గర టీడీఆర్ అనగానే రోడ్డు వెడల్పులో పోయిన స్థలానికి బదులిచ్చేదే గుర్తొస్తుంది. అహ్మదాబాద్ కార్పొరేషన్ 1997 నుంచి కాలుపూర్ స్వామినారాయణ గుడి దగ్గర మొదలెట్టి జామా మసీదు దాకా రోజూ హెరిటేజ్ వాక్ నడిపిస్తోంది. ఊరికి యునెస్కో గుర్తింపు వచ్చింది 2017లో. అంటే అంతకు ఇరవై ఏళ్ల ముందు నుంచే నడక, నచ్చజెప్పడం జరుగుతున్నాయి.

రాజభవనానికైతే నా ఓటు చౌమహల్లాకు, ప్రభుత్వ కట్టడానికైతే మొజంజాహికి. చట్టం అన్నిటికన్నా ముందు ఉండాల్సిందే, అది పోటీలో లేదు. సొంతిల్లు అయితే అహ్మదాబాద్ పద్ధతే మేలు. యజమానికి నష్టం పూడ్చకుండా అతని ఇంటిని చూసి మనం మురిసిపోవడం నాకు కాస్త దొంగ ముచ్చటగా కనిపిస్తుంది.

మొన్న బాబాయి ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. "మా ఊళ్లో ఆ టీడీఆర్ ఇల్లు ఉన్నవాడికి ఇస్తారా, రోడ్డుకు పోయినవాడికేనా?" అని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను. ఈలోగా వానలొస్తాయని మండువా చుట్టూ పగిలిన పెంకులు 300 మార్పించాడట. పాత పెంకులు దొరక్క, పక్క వీధిలో కూలుస్తున్న ఇంటి నుంచే కొనుక్కొచ్చాడు.