సొంత వికీనా, వికీపీడియానా?

ప్రజా సంబంధాలు చూసేవాళ్లకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది: జనాన్ని కలుపుకోవడానికి మనమే ఒక వికీ (చదివేవాళ్లే రాసి, మార్చగలిగే వెబ్‌సైటు) పెట్టాలా, వికీపీడియాలోనే పాల్గొనాలా?

ఖర్చు: సొంత వికీకి, వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ సర్వర్‌కీ, చూసుకునే మనిషికీ డబ్బు పెట్టాలి. వికీపీడియాలో ఆ బాధ లేదు.

శ్రమ: సొంతదానికి మొదటి పేజీలు మనమే రాయాలి, రాసేవాళ్లను వెతుక్కోవాలి. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. రాసేవాళ్లూ, మాట్లాడుకునే రచ్చబండా సిద్ధంగా ఉన్నాయి.

అదుపు: సొంత వికీలో నియమాలు మనవి. వికీపీడియాలో మన గురించిన వ్యాసం మనది కాదు. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి వాడుక నియమాల్లోనే ఉంది. తప్పు కనిపిస్తే వ్యాసంలో చెయ్యి పెట్టకండి. ఆ వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో "నేను ఈ సంస్థ ఉద్యోగిని, ఈ అంకె పాతది, ఇదిగో పత్రికలో వచ్చిన ఆధారం" అని రాయండి. ఇలా అడిగితే పరువు పెరుగుతుందే తప్ప తగ్గదని నా గట్టి నమ్మకం.

రిస్క్: 2005 జూన్‌లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఇరాక్ యుద్ధంపై తన సంపాదకీయాన్ని పాఠకులే మార్చేలా వికీలో పెట్టింది. అసభ్య చిత్రాలు వచ్చిపడటంతో రోజుల్లోనే మూసేసింది. రాత్రిపూట కూడా కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే సొంత వికీ జోలికి వెళ్లొద్దు.

వాడేవాళ్లు ఒకరికొకరు చిట్కాలు చెప్పుకునే సాఫ్ట్‌వేర్‌ను మీరు తయారుచేస్తుంటే సొంత వికీ మేలు. మ్యూజియం, గ్రంథాలయం, పాత ఫొటోలున్న కాలేజీ అయితే వికీపీడియానే. హక్కులు చూసుకుని ఆ ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా వ్యాసాలు వాడుకునే ఉచిత ఫొటోల భాండాగారంలో) పెట్టండి. పత్రికలు ఇంకా పట్టించుకోని కొత్త కంపెనీకి మాత్రం వికీపీడియాలో వ్యాసం నిలవదు.